అయ్యగారి పలకలో ఒక ఖాళీ

నాకు ఇరవయ్యేడేళ్ళు వచ్చేదాకా అక్షరం ముక్క రాదు. అది పెద్ద వింతేం కాదు. ఇంగ్లండు పడమటి కొసన మా పోల్‌గెరన్‌లో తగరం గనిలో దిగేవాళ్ళలోనూ, చేపల పడవల వాళ్ళలోనూ సగం మందికి రాదు. వింత ఏమిటంటే, నా వృత్తి సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కడం.

నవ్వండి, పరవాలేదు. ఎవరూ నవ్వకూడదనే ఈ సంగతి ముప్పై ఏడేళ్ళు దాచాను. ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి, మీతోపాటు నేనూ నవ్వుతాను.

ఎలా చెక్కేవాడినంటారా? మా నాన్న దగ్గర చెయ్యి తిప్పడం నేర్చుకున్నాను. ఆయనకీ చదువు లేదు. పోయినవాళ్ళ తాలూకు మనుషులు కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి తెచ్చేవాళ్ళు. నేను పలకరాయిని నున్నగా తోమి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు సుద్దతో గీసి, దాని మీద ఉలి ఆడించేవాణ్ణి. అక్షరాలకి నేను పెట్టుకున్న పేర్లు వేరే ఉండేవి. హెచ్ అంటే గేటు. ఈ అంటే దువ్వెన. ఎస్ అంటే పాము, టీ అంటే సుత్తి. గేటు, దువ్వెన, సుత్తి అనుకుంటూ పోతే చివరికి ఎవరి పేరో తేలేది. ఎవరిదో నాకు తెలీదు గానీ చెక్కడం మాత్రం ముత్యాల్లా ఉండేది. చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళవాళ్ళు పాస్కో జేగో చెక్కితేనే రాయి అనేవాళ్ళు.

హోకింగ్ అయ్యగారు 1851 ఆగస్టు చివర్లో మా ఊరికి వచ్చారు. పూర్తి పేరు ఎల్కానా హోకింగ్, వయసు ముప్పై ఒకటి. మా మెథడిస్టు చర్చి అయ్యగార్లకి సొంత ఊరంటూ ఉండదు. పైవాళ్ళు ఎక్కడ వేస్తే అక్కడ, అదీ మూడేళ్ళకి మించి ఉండనివ్వరు. ఏటా వసంతంలో సంఘపెద్దలు కూర్చుని, ఈయన మాకు ఇంకో ఏడు కావాలని అడగాలి. అడక్కపోతే మూడేళ్ళు కూడా లేదు. ఇల్లు సంఘానిది, మంచం సంఘానిది, టీ కెటిలు కూడా సంఘానిదే. ఈయనకి సొంతమల్లా ఒక పెట్టెడు పుస్తకాలు, ఒక గొడుగు. భార్య అంతకుముందు పనిచేసిన ఊళ్ళో జ్వరమొచ్చి పోయింది. ఆవిణ్ణి అక్కడే పాతిపెట్టి, ఆర్నెల్లు తిరక్కుండానే ఆ గొడుగేసుకుని మా ఊరు వచ్చారు.

మనిషి బంగారం. ఆదివారం మూడు మందిరాల్లో ప్రసంగం, మధ్యలో పది మైళ్ళ నడక, వానైనా గాలైనా. ఒక్కటే లోపం, పాట రాదు. మా కార్న్‌వాల్‌లో అది చిన్న లోపం కాదు. గనిలో రాయి కొట్టేవాడు కూడా నాలుగు స్థాయిల్లో కలిపి పాడే పాటలో తన గొంతు ఏదో తెలిసి పాడతాడు. ఈయన కీర్తన ఎత్తుకుంటే నూనె లేని తలుపు తీసినట్టుండేది. మొదటి ఆదివారమే మా ఆవిడ జెనిఫర్ నా చెవిలో గొణిగింది.

"ప్రార్థన బాగానే చేస్తున్నాడయ్యా. పాడేటప్పుడు మాత్రం దేవుడు కిటికీ వేసుకుంటాడేమో."

ఆ చలికాలంలో జోయెల్ నాన్స్ అనే రైతు భార్య పోయింది. ఆవిడ పేరు హానర్. నాన్స్ రోజుకి పది మాటలాడితే ఎక్కువ, అందులో ఆరు ఆవుతో. ఆయన ఓ కాగితం రాసి, అటుగా వెళ్తున్న అయ్యగారి చేతికిచ్చి నాకు పంపాడు. అందులో ఉన్నదంతా నేను శ్రద్ధగా చెక్కాను.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం పక్క సమాధుల దొడ్లో ఆ రాయి నిలబెట్టాం. జనం మూగారు. ట్రెంబాత్‌గారని మా సంఘపెద్ద ఒకాయన ఉండేవారు, కిరాణా కొట్టాయన, ఏదైనా పైకి చదివే పని పడితే ముందుండేవారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"హానర్. జోయెల్ నాన్స్ భార్య. నలభై ఒకటో ఏట ప్రభువు దగ్గరికి వెళ్ళింది." కాస్త ఆగారు. "కింద నాకు చోటు వదులు."

ఆ ఆఖరి మాట నాన్స్ నాకు రాసింది. రేపు తను పోయాక తన పేరు పడాలి, రాయి కింద కాస్త ఖాళీ ఉంచమని. నేను దాన్ని కూడా దువ్వెనా సుత్తీ అనుకుంటూ చెక్కేశాను.

నాన్స్ మొహం ఎర్రగా కందిపోయింది. ఏదో అనబోయాడు. అంతలో అయ్యగారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఎంత మాట చెక్కించారండీ జోయెల్‌గారూ. నేను వంద ప్రసంగాలు చేసినా ఇంత మాట నా నోట రాదు."

అంతే, ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టారు. నోరు మెదపని ఈ మనిషి కడుపులో ఇంత ప్రేముందా అని ముక్కున వేలేసుకున్నారు. నాన్స్ తెరిచిన నోరు మూశాడు. ఆ వారంలో ఆయన గడపలోకి కుంకుమపువ్వు వేసిన రొట్టెలు ఆరు వచ్చాయని తర్వాత విన్నాను.

మర్నాడు పొద్దున్నే అయ్యగారు నా రాళ్ళ దొడ్లోకి వచ్చారు.

"పాస్కో, నాకో సమాధిరాయి కావాలయ్యా."

"ఎవరికండీ?"

"నాకే."

"ఒంట్లో బాలేదా అయ్యగారూ?"

"నిక్షేపంలా ఉన్నాను. తొందరేం లేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం వచ్చి దగ్గరుండి చెక్కించుకుంటాను." జేబులోంచి కాగితం తీసి నా చేతికిచ్చారు. "ఇదీ సంగతి. ఒకసారి పైకి చదువు."

నేను కాగితం కళ్ళ ముందు పెట్టుకున్నాను. "కళ్ళజోడు మర్చిపోయానండీ."

"నీకు కళ్ళజోడెప్పుడుంది? పైగా కాగితం తలకిందులుగా పట్టుకున్నావు."

అక్కడే ఓ రాయి మీద కూలబడ్డాను. నాన్స్ కాగితం ఆయన చేతుల మీదుగానే కదా వచ్చింది, దాన్ని చూసే ఉంటారు. "అయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరికీ చెప్పకండి. చదువు రాని వాడి చేత పేరు చెక్కించుకునేదెవరు? రేపట్నుంచి మా పొయ్యిలో పిల్లి లేవదు."

"నువ్వు చెప్పేదాకా నేను చెప్పను, సరేనా? ఈ సంగతి నీది." ఆయన కూడా నా పక్కన కూర్చున్నారు. "ఇంతకీ ఎన్ని అక్షరాలొచ్చు?"

"ఒకటి. పీ."

"అదెలా వచ్చింది?"

"మా ఆవిడ పాస్టీ మూల మీద పిండితో అంటిస్తుందండీ." మా వైపు మాంసం, బంగాళాదుంప కూరి చేసే పాస్టీ సగం తిని ఎక్కడో పెట్టి పనికి పోతాం కదా. తిరిగొచ్చాక ఎవరిది ఎవరు తిన్నారని తన్నుకోకుండా ఆ గుర్తు.

అయ్యగారు నవ్వారు. "అయితే శ్రీకారం మీ ఆవిడ చుట్టేసింది. ఇంకెంత, ఇరవై అయిదు."

అలా మొదలైంది. బడిలో పిల్లలు చేతిపలక మీద దిద్దుతారు. నేను అయిదడుగుల పలకరాయి మీద దిద్దాను. రాయి ముందువైపు అయ్యగారి పేరుకని నున్నగా ఉంచి, వెనకవైపు నా ఓనమాలు. ఒక్కో అక్షరం పలకడం వచ్చి, దానితో మూడు మాటలు చదవగలిగాకే ఉలి పట్టనిచ్చేవారు. కాగితం చూసి చెక్కితే ముత్యాలు రాల్చే చెయ్యి, తలలోంచి తీసి చెక్కమంటే దారి తప్పేది. బీ పొట్ట కిందికి జారింది. ఎస్ పడుకుంది. ఎన్ అద్దంలో చూసినట్టు వచ్చింది.

ఇంట్లో పిండి పిసుకుతూ కిటికీలోంచి వింటున్న జెనిఫర్ నాకన్నా ముందు నేర్చేసుకుంది. ఓ శనివారం నా పాస్టీ మూల మీద ఒక్క అక్షరం బదులు నాలుగు అంటించి పంపింది. నేను అందమైన పువ్వులనుకుని తినబోయాను. అయ్యగారు ఆపి చూశారు.

"ఇది చదివి తిను."

పావుగంట కూడబలుక్కున్నాను. 'మొద్దు' అని రాసి ఉంది. నేను చదివిన మొదటి మాట అదే. అయ్యగారు కడుపు పట్టుకుని నవ్వారు, కిటికీ అవతల ఆవిడా నవ్వింది. నాకు ఒళ్ళు మండాలి, మండలేదు. చదివాను కదా మరి.

క్యూ దగ్గరికొచ్చాక ఆయన తల అడ్డంగా ఊపారు. "దీనితో మొదలయ్యే పేరు మీ ఊళ్ళో ఒక్కడికీ లేదు. మిగతావి ముందు కానిద్దాం. ఇది మూడో ఏడు చూసుకుందాం. కింద, కాదు, మధ్యలో చోటు వదులు." ఇద్దరం నాన్స్‌ని తలుచుకుని మళ్ళీ నవ్వుకున్నాం. పీకీ ఆర్‌కీ మధ్య ఖాళీ ఉంచి ముందుకి పోయాం.

ఊరు ఊరుకుంటుందా? అయ్యగారికి అప్పుడే సమాధి మీద మోజు పుట్టిందన్నారు. శనివారం శనివారం రాయి ముస్తాబు చూసుకోవడానికి పోతున్నాడన్నారు. రాతి హోకింగ్ అని పేరు పెట్టారు. ఆయన ఆ పేరు విన్నప్పుడల్లా టోపీ తీసి దండం పెట్టేవారు.

1853 వసంతంలో పెద్దల సమావేశం జరిగింది. మూడో ఏడు ఈయన్ని అడగాలా వద్దా అన్నది విషయం. మందిరం గోడలు చూసేవాణ్ణని నన్నూ పిలిచేవాళ్ళు. వెనక బల్ల మీద కూర్చున్నాను. ట్రెంబాత్‌గారు లేచారు.

"మనకి వినయం నేర్పాల్సిన మనిషి, ముప్పై మూడేళ్ళకే తన సమాధిరాయికి నగిషీలు పెట్టించుకుంటున్నాడు. ఏడాదికి పైగా చెక్కుతున్నారు. అదేం రాయో, దాని మీద ఎన్ని బిరుదులో."

అందరూ నవ్వారు. అయ్యగారిని సంజాయిషీ అడిగారు. ఆయన లేచి, "శనివారాలు అక్కడికి వెళ్ళే మాట నిజమేనండీ. నాకు వారంలో అన్నిటికన్నా సంతోషంగా ఉండేది ఆ రెండు గంటలే. అది మాననండీ," అని కూర్చున్నారు.

ఒక్కసారి నా వైపు చూసి ఉంటే లేచేవాణ్ణేమో. చూడలేదు. నేను లేవలేదు. చేతులెత్తమన్నారు. ఆయన్ని అడగక్కర్లేదన్న వైపే ఎక్కువ లేచాయి. నా చేతులు రెండూ నా మోకాళ్ళ మీదే ఉన్నాయి. వాటిని ఇప్పటికీ క్షమించలేదు నేను.

ఆగస్టులో పెట్టె, గొడుగు బండెక్కాయి. ఉత్తరాన బీడుభూముల్లో ఓ పేద సంఘానికి వేశారు. బండి కదిలే ముందు ఆయన వంగి, "ఆ ఖాళీ అలాగే ఉంచు," అన్నారు.

రెండు నెలలకి నా పేర ఉత్తరం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నాకొచ్చిన మొదటి ఉత్తరం. జెనిఫర్ లాక్కోబోతే ఇవ్వలేదు. నాలుగు రోజులు పట్టింది గానీ నేనే చదివాను. "ఇక్కడికి నాకన్నా ముందు నా రాయి వచ్చేసింది," అని రాశారు. ఊళ్ళో దిగగానే పిల్లలు రాతి హోకింగ్ వచ్చాడని అరిచారట. ఇంటి కెటిలుకి మూత లేదట, అయినా కెటిలు బాగానే పాడుతోంది, నాకన్నా నయం అని రాశారు. అలా ముప్పై మూడేళ్ళు, పదకొండు ఇళ్ళ నుంచి ఉత్తరాలు. ఎక్కడా నాలుగో ఏడు లేదు, ఏ తోటలోనూ తను నాటిన చెట్టు కాయ కోసుకోలేదు. ఏ ఇంట్లో ఏ మెట్టు కిర్రుమంటుందో, ఏ ఊళ్ళో ఎవరు అప్పుడే చదవడం నేర్చుకున్నారో మాత్రం అన్నీ రాసేవారు. అంటే నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట. ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒక మొద్దుని వెతికి పట్టుకునేవారు.

ఈ ఈస్టరుకి ఊళ్ళో చెప్పేస్తాను, వచ్చే క్రిస్మస్‌కి చెప్పేస్తాను అనుకుంటూ నేను ముసలివాణ్ణయ్యాను. మాలో సాక్ష్యం చెప్పడమని ఉంది. నలుగురిలో లేచి, దేవుడు తనకేం చేశాడో చెప్పాలి. తాగుడు మానినవాడు చెప్తాడు, భార్యని కొట్టడం మానినవాడు చెప్తాడు. నేను ప్రతిసారీ బూట్లు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

1886లో పని విరమించుకుని అయ్యగారు మళ్ళీ మా ఊరే వచ్చారు. జుట్టు తెల్లబడింది, పాట అలాగే ఉంది. బండి దిగుతుంటే ట్రెంబాత్‌గారు ఎదురొచ్చి, "ఎక్కడికైనా పోవచ్చు కదండీ, ఇక్కడికే ఎందుకొచ్చారు?" అన్నారు.

"నా రాయి ఇక్కడుంది కదండీ."

ఆ సాయంత్రం నేను ఆయనతో అన్నాను, ఇంక చెప్పేస్తానని. "నా కోసమైతే వద్దు పాస్కో. ఆ పేరు నాకు అలవాటైపోయింది. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు," అన్నారు.

మూడేళ్ళు ఉన్నారు. సరిగ్గా మూడేళ్ళే, అలవాటు చొప్పున. 1889 మార్చిలో, మంచం పట్టిన వారానికి, నన్ను పిలిచి మడిచిన కాగితం చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి విప్పాను. ఈసారి తలకిందులుగా పట్టుకోలేదు.

'ఎల్కానా హోకింగ్. సువార్త పరిచారకుడు. 1820 – 1889.' దాని కింద చిన్న అక్షరాలతో ఉంది: 'పాస్కో, రాయి వెనకవైపు గోడకి ఆనించి నిలబెట్టు. ఎవరూ చూడనక్కర్లేదు. ఈ వరస నీకు, చెక్కేవు సుమా.'

చదివి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాను. ఆ రెండో రోజు పొద్దున ఆయన పోయారు.

ముందువైపు ఆయన రాసినట్టే చెక్కాను. గోడ మాట మాత్రం వినలేదు. సమాధుల దొడ్లో చుట్టూ తిరగడానికి వీలుగా నడిమధ్య నిలబెట్టి దుప్పటి కప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక దుప్పటి తీశాను. డెబ్భై దాటిన ట్రెంబాత్‌గారు కర్ర మీద వాలి చదివి, వెనక్కి తిరిగారు.

"మూడంటే మూడు వరసలు. దీనికా పాస్కో, ఏడాదిన్నర శనివారాలన్నీ?"

జెనిఫర్ నా మోచెయ్యి గిల్లింది.

"రెండో వైపు ఉందండీ," అన్నాను.

అందరూ చుట్టూ తిరిగి వచ్చారు. జారిన బీ, పడుకున్న ఎస్, తిరగబడ్డ ఎన్. "ఏ పిల్లాడు పాడుచేశాడు దీన్ని?" అని ఎవరో అన్నారు.

"నేను. అయ్యగారు మన ఊరొచ్చేనాటికి నాకు చదువు రాదు. మీ అమ్మల పేర్లూ, నాన్నల పేర్లూ చదవకుండానే చెక్కాను. శనివారాలు ఆయన నాకు అక్షరాలు నేర్పడానికి వచ్చేవారు. నా పరువు కాపాడ్డానికి తన పరువు పోగొట్టుకున్నారు. ఆ రోజు సమావేశంలో నేను వెనక బల్ల మీదే ఉన్నాను. నోరు విప్పలేదు." తర్వాత జేబులోంచి కాగితం తీసి, ఆఖరి వరసతో సహా పైకి చదివాను. నలుగురిలో నేను చదవడం అదే మొదలు. గొంతు ఆగి ఆగి వచ్చింది గానీ మాట తప్పలేదు.

ఎవరేమంటారో అని నేలచూపులు చూస్తున్నాను. ఎనభై దాటిన నాన్స్ దగ్గాడు.

"నాకు తెలుసులేరా. కాగితం రాసింది నేను, నాకు తెలీదా?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం పెద్దాయనా?"

"ఎందుకు చెప్తాను? ముప్పై ఏడేళ్ళుగా ప్రతి ఫిబ్రవరిలో రొట్టెలొస్తుంటే. ఒక్కటే బాధ. నాకు చోటు వదలమన్న మాటే నా చోటంతా తినేసింది. నా పేరెక్కడ చెక్కుతావో ఇప్పట్నుంచే ఆలోచించుకో."

జనం విరగబడి నవ్వారు. నవ్వనిది ట్రెంబాత్‌గారు ఒక్కరే. ఆయన రాయి దగ్గరికెళ్ళి, వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదువుతున్నారు. పీ దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ ఖాళీ ఏమిటి? క్యూ ఏది?"

"మూడో ఏడు నేర్పుతానన్నారండీ."

ఆయన టోపీ తీశారు. చాలాసేపు ఆ ఖాళీ మీద నుంచి వేలు తియ్యలేదు. "ఆ మూడో ఏడు లేకుండా చేసింది నేను," అన్నారు.

"ఇద్దరం కలిసే చేశామండీ," అన్నాను.

"ఉలి ఉందా నీ దగ్గర?"

ఉంది. కోటు జేబులో పెట్టుకునే వచ్చాను. మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టాను. ఆదివారం పని చెయ్యకూడదని ట్రెంబాత్‌గారితో సహా ఒక్కరూ అనలేదు. ముప్పావుగంట పట్టింది. ఇళ్ళల్లో పొయ్యి మీద మాంసాలు మాడాయి, ఎవరూ కదల్లేదు. మధ్యలో నాన్స్ కీర్తన ఎత్తుకున్నాడు. సరైన రాగంలో కాదు, అచ్చం అయ్యగారి రాగంలో, నూనె లేని తలుపులా. మొదట నవ్వారు, తర్వాత అందరూ అందుకున్నారు. పాట వచ్చిన రెండొందల మంది ఒక్కసారిగా అపస్వరంలో పాడారు. నేను అంతకన్నా గొప్ప పాట వినలేదు.

క్యూ తోక చెక్కి, దుమ్ము ఊదాను. ఇరవై అయిదు వంకర అక్షరాల మధ్య అదొక్కటే తిన్నగా ఉంది.

"ఇప్పుడు చదవవయ్యా మొద్దూ," అంది జెనిఫర్.

మొదటి అక్షరం 'ఏ' మీద వేలు పెట్టాను. ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివాను.